బొటనవేలు దొర సాయంత్రపు నడక

సవాయి దీవిలో ఫాలనీకో ఊరి పెద్దల్లో ఒకడు. ఎదురుగా అందరూ వంగి దండం పెడతారు, వెనకాల మాత్రం "బొటనవేలు దొర" అంటారు. వాతం పొంగిందంటే కాలి బొటనవేలు తాటిముంజెలా ఉబ్బుతుంది. దుప్పటి అంచు తగిలినా ఆయన పెట్టే కేకకు రేవులో పడవలవాళ్లు తలతిప్పి చూస్తారు.

ఈసారి ఆసుపత్రి నర్సమ్మ వేలు చూసి ఊరుకోలేదు. బీపీ చూసింది, నెత్తురు తీసింది.

"ఈ మంట వేలితో ఆగదు నాయనా, గుండెకీ ముప్పే. నొప్పి ఉన్నా లేకున్నా రోజూ మాత్రలు, రోజూ నడక. ఉప్పు తగ్గించు. పిసూపో ముట్టుకోకు."

పిసూపో అంటే డబ్బాలో వచ్చే ఉప్పు గొడ్డుమాంసం. అది లేని భోజనం ఫాలనీకో దృష్టిలో ఉపవాసమే.

"వేలికీ గుండెకీ ఏం సంబంధమే? ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర!" అన్నాడు ఇంటికొచ్చి.

"మీ అన్నకీ కాలే వాచేది. పోయింది దేంతో?" అంది పెళ్ళాం లూపె.

అన్న గుండెపోటుతో పోయాడు. ఫాలనీకో సరేనన్నాడు. కడుపు మాత్రం మాట వినలేదు.

ఇంట్లో దాక్కుని తిందామంటే అది గోడల్లేని ఇల్లు. స్తంభాలు, పైన కప్పు, అంతే. ఇక్కడ ఆవలిస్తే నాలుగిళ్ల అవతల పలకరిస్తారు. అందుకని నర్సమ్మ చెప్పిన నడకనే అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రం కాగానే చేతులూపుకుంటూ చేమతోటకు బయల్దేరేవాడు. అక్కడి పాకలో, చూరు కింద, డబ్బాలు దాచి ఉన్నాయి.

"చూశావుటే, మాట వినే మొగుణ్ణి!"

"నా బంగారుకొండవి!" అంది లూపె.

మొదటిరోజు డబ్బా తెరిచాడో లేదో, దారిలో అడుగుల చప్పుడు. తింటుండగా ఎవరు దారినపోయినా పిలవడం ఆ ఊరి మర్యాద. పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు, మెదడును అడక్కుండానే నోరు అనేసింది: "రండి, తినిపోదురు!"

బస్సు డ్రైవరు ఎతువాలె. ఇలా పిలిస్తే "ఇప్పుడే తిన్నాలెండి" అని వెళ్లిపోవడం కూడా మర్యాదే. వాడు మాత్రం చక్కగా మఠం వేసుకు కూర్చున్నాడు. అతిథి తిన్నాకే ఇంటాయన తినాలి కనుక, ఫాలనీకోకు ఉడికిన అరటికాయలు మిగిలాయి.

మర్నాడు పాదిరిగారు. ప్రార్థన బారెడు చేశారు, డబ్బా మాత్రం క్షణంలో ఖాళీ చేశారు.

మూడోనాడు ఫాలనీకో పంతం పట్టాడు. అడుగులు వినపడగానే రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. చప్పుడు దగ్గరైంది. ముఖం కందిపోయింది. చెమటలు పట్టాయి. చివరికి వేళ్ల సందుల్లోంచి తన్నుకొచ్చేసింది: "రండి, తినిపోదురు!"

"వస్తున్నానయ్యా!" అంటూ లూపె లోపలికొచ్చింది.

"నువ్వా? నువ్వెందుకొచ్చావే?"

"పిలిచావుగా. కాదంటే నీకే అవమానం." కూర్చుని డబ్బా ముందుకు లాక్కుంది. తాపీగా, అడుగు నాకి మరీ తింది. ఫాలనీకో గుటకలు మింగాడు.

"నీకెలా తెలిసింది?"

"మొదటిరోజే, నువ్వంత హుషారుగా నడకకు బయల్దేరినప్పుడే తెలిసింది. వాళ్లని పంపిందెవరనుకున్నావు? నువ్వు తినకుండా ఉండలేవు, పిలవకుండా అసలే ఉండలేవు. ఇవాళ నేనే వచ్చా."

"పాదిరిగారిని కూడానా?"

"ఆయన ఇవాళా వస్తానన్నారు."

లూపె నడుముకు చుట్టుకున్న లావలావా గుడ్డ కొంగుముడి విప్పి మాత్రలు తీసింది. "ఇవి కూడా మానేశావు."

"నొప్పి లేదుగా!"

"వేలికి లేదు. నీ గుండె ఆగితే ఆ నొప్పి నాది. రేపు ఈ దారిన నేనొక్కదాన్నీ పోతుంటే, రమ్మని పిలిచేదెవరయ్యా?"

ఫాలనీకోకు అన్న గుర్తొచ్చాడు. మాత్రలు మింగేశాడు.

"రేపట్నుంచి నడక ఇద్దరిదీ," అంది లూపె కళ్లు తుడుచుకుంటూ.

అలాగేనన్నట్టు తలూపి అరటికాయ అందుకున్నాడు. దారిలో మళ్లీ అడుగుల చప్పుడు.

"రండి, తినిపోదురు!"

పాదిరిగారు లోపలికి తొంగిచూశారు. ఖాళీ డబ్బా చూశారు, అరటికాయలు చూశారు.

"ఇప్పుడే తిన్నాలెండి," అని సాగిపోయారు.