వెనక సీటు ఖాళీ లేదు

సోమవారానికని డ్రైవింగ్ స్కూలు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ రోజంతా ఎవరి మీదా అరవకూడదు. అంతే! ఇందులో ఏముంది, లోకంలో సగంమంది చేసే పనేగా అనుకుంటారేమో. ఆయన సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు. ఇరవై రెండేళ్ళుగా కారు నేర్పుతున్న ఆ పెద్దమనిషికి శిష్యులు పెట్టిన పేరు ఉరుము మాస్టారు. ఆయన "క్లచ్!" అన్నారంటే పక్క వీధిలో వెళ్తున్నవాళ్ళు కూడా గబుక్కున క్లచ్ తొక్కేసేవారు.

కిందటి శుక్రవారం ఆ ఉరుముకి ఒక నర్సమ్మ స్టీరింగు మీద తల వాల్చి బావురుమంది. నలభై అయిదేళ్ళ మనిషి. ఎంతమంది రోగులకో ధైర్యం చెప్పి లేపి కూర్చోబెట్టిన మనిషి. అప్పటికి నాలుగుసార్లు లైసెన్సు పరీక్ష తప్పింది, నాలుగుసార్లూ రివర్సులోనే. సోమవారం మధ్యాహ్నం రెండింటికి అయిదో పరీక్ష. అదీ పోతే మళ్ళీ ఆరు నెలలు ఆగాలని రూలు. ఆమె పనిచేసే క్లినిక్కువాళ్ళు, మంచం దిగలేని ముసలివాళ్ళను ఇళ్ళకే వెళ్ళి చూసిరావడానికి ఒక వ్యాను తెచ్చారు. దాన్ని తానే నడుపుకుంటూ వెళ్ళగల నర్సు కావాలి. లైసెన్సు చేతికొస్తే ఆ పని ఆమెది, రాకపోతే బుధవారానికి ఇంకొకరిది.

"నా ముసలాళ్ళు నా కోసం చూస్తుంటారు మాస్టారూ" అని ఆమె ఏడ్చిన ఏడుపు మాస్టారికి శనివారమంతా చెవుల్లో మోగుతూనే ఉంది. అన్నం కూడా సయించలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు సరిగ్గా తననే చూస్తూ (అని మాస్టారికి అనిపించింది) అన్నారు: "దేవుడు ఆదివారం పదింటికొచ్చి పన్నెండింటికి వెళ్ళిపోయే చుట్టం కాదు. రేపు మీరు పనికి వెళ్తే ఆయనా వస్తాడు. ఎక్కడ కూర్చోబెడతారో ఇప్పుడే చూసుకోండి!"

మాస్టారు ఎవరైనా ఏదైనా చెప్తే చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించారు. కారులో ముందున్న రెండు సీట్లకూ పని ఉంది. మిగిలింది వెనక సీటు. అద్దంలోకి చూస్తే కనిపించే చోటు కూడా అదే. నోరు తెరవబోయినప్పుడల్లా అద్దంలోకి చూడాలి, ప్రభువు కూర్చుని వింటున్నాడని తలచుకోవాలి, నోరు మూసుకోవాలి. ఇంతకన్నా సులువైన ఉపాయం ఇంకేముంటుంది?

అందుకని సోమవారం పొద్దున్నే వెనక సీటు మీదున్న ప్లాస్టిక్ కోన్లు, మసిగుడ్డలు, ఊచలు విరిగిన గొడుగు తీసి డిక్కీలో పడేశారు. సీటు తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో మళ్ళీ తుడిచారు. వెనక తలుపు బార్లా తీసి, పక్కకు జరిగి, తల వంచి కాసేపు నిలబడి, చప్పుడు కాకుండా వేశారు. ఇదంతా వంటింటి కిటికీలోంచి ఆయన భార్య చూస్తూనే ఉంది.

"ఎవరండీ ఎక్కింది?"

"ఎవరూ లేరు."

"మరి తలుపెందుకు తీశారు?"

"ఎవరూ లేరంటే... అసలు లేరని కాదు."

ఆవిడ ముక్కున వేలేసుకుంది. నిజం చెప్పేస్తే పోయేది. కానీ చెప్పి, సాయంత్రంలోపు మళ్ళీ ఎవరి మీదో ఉరిమితే? పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఇంకో ఇరవై ఆరేళ్ళపాటు ఆ మాటే పట్టుకుని దెప్పుతుందని ఆయనకు భయం. మారుమాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయారు. తన మొగుడు కారు తలుపు ధడాలున వేయకపోవడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. దానితో మనసులో ఏదో కీడు శంకించింది.

మొదటి పాఠం, ఉద్యోగం నుంచి రిటైరైన లెక్కల పంతులుగారికి. ఆయన ఎక్కుతూనే చేతిసంచీ వెనక సీట్లోకి గిరాటేయబోయారు.

"అక్కడ వద్దండీ! ఖాళీ లేదు" అన్నారు మాస్టారు.

పంతులుగారు వెనక్కి తిరిగి చూశారు. సీటంతా ఖాళీయే. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. మలుపు దగ్గర బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కి, కారును ఎవరి ఇంటి గేటు మీదకో తీసుకుపోయారు. మాస్టారు తన వైపున్న బ్రేకు తొక్కి, గుండెల నిండా గాలి పీల్చారు. పంతులుగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఉరుము రాలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే మాస్టారు అద్దంలోకి చూస్తూ, చేతులు జోడించి, "తప్పయిపోయింది, క్షమించు. ఇంకా అనలేదు, అనబోయాను, అంతే" అని ఖాళీ సీటుతో గుసగుసలాడుతున్నారు.

అంతే! పంతులుగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు ఎలా తీశారో, సంచీతో ఎలా దూకారో ఆయనకే తెలియదు. పరుగున స్కూలు ఆఫీసుకు వెళ్ళి, రిసెప్షన్ అమ్మాయి బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "ఆ కారులో ఏదో ఉందమ్మా!" అన్నారు.

ఆ అమ్మాయి మంచిదే గానీ కడుపులో మాట దాగదు. పదింటికి "ఏదో ఉంది" అన్న మాట పదకొండింటికి "ఎవరో ఉన్నారు" అయింది. పన్నెండింటికల్లా ఆ ఎవరోకి తెల్లగడ్డం, తెల్లచొక్కా వచ్చాయి. ఒంటిగంటకు ఆయన ఆ కారు మొదటి యజమాని అయిపోయి, ఆ సీట్లోనే గుండె ఆగి పోయాడు. (అసలు యజమాని అప్పటికి నాలుగు వీధుల అవతల నిక్షేపంలా భోజనం చేస్తున్నాడు, పాపం.) ముగ్గురు శిష్యులు జ్వరం వచ్చిందన్నారు. రిసెప్షన్ అమ్మాయి పరీక్షల ఆఫీసుకు ఫోన్ చేసి, నర్సమ్మకు వేరే కారు దొరుకుతుందా అని అడిగింది. ఎందుకని వాళ్ళడిగితే, ఎందుకో చెప్పింది. ఆ నోటితోనే మాస్టారి భార్యకూ ఫోన్ చేసింది.

ఇవేమీ తెలియని మాస్టారు రెండు గంటలకు పరీక్ష మైదానంలో కారు ఆపారు. నర్సమ్మ అప్పటికే అక్కడుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"విన్నాను మాస్టారూ. దెయ్యమైనా ఫరవాలేదు. అది నా మీద అరవకపోతే చాలు" అంది.

"దెయ్యమేంటమ్మా?" అని మాస్టారు తెల్లబోయేలోపే ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆరడుగుల మనిషి, బారెడు మీసం. కారుకు పది గజాల దూరంలో ఆగిపోయారు.

"ఈ వాహనంలో లోపముంది. నేనెక్కను."

"ఏం లోపం సార్? నిన్ననే అన్నీ చూసుకున్నాను."

"అదీ... వెనక సీటు." ఆయన గుటకలు మింగారు. "అది అంత బాగా లేదని రిపోర్టు వచ్చింది."

సరిగ్గా అప్పుడే ఆటో దిగారు మాస్టారి భార్య, ఆవిడ వెనకే పాస్టరుగారు. పాపం పాస్టరుగారు పుట్టి బుద్ధెరిగాక దెయ్యాన్ని వెళ్ళగొట్టింది లేదు. అయినా ఆ ఇల్లాలు కాళ్ళావేళ్ళా పడితే కాదనలేక, బైబిలు గుండెలకు హత్తుకుని బయలుదేరారు. కారు దగ్గరికి వచ్చి, ఒక చెయ్యి చాచి, కళ్ళు మూసుకుని గొంతు సవరించుకున్నారు.

"ఈ వెనక సీట్లో కూర్చున్నది ఎవరైనా సరే! ఈ క్షణమే దిగి..."

"అయ్యగారూ! వద్దు!" మాస్టారు అడ్డంపడి తలుపును రెండు చేతులా పట్టుకున్నారు. "మీకు పుణ్యముంటుంది, ఆయన్ని పంపించెయ్యకండి! పొద్దుటినుంచీ ఆయన ఉండబట్టే నేను మనిషిలా ఉన్నాను!"

"చూశారా అయ్యగారూ, వదలనంటున్నారు!" భార్య గొల్లుమంది. ఇన్‌స్పెక్టరుగారు ఇంకో పది గజాలు వెనక్కి వెళ్ళిపోయారు.

"పరీక్ష రద్దు! అభ్యర్థి హాజరు కానట్టు రాసుకుంటాను!" అని అక్కడినుంచే కేకేశారు.

హాజరు కాకపోతే తప్పినట్టే. నర్సమ్మ చేతిలో ఉన్న కాగితాలను మడిచి సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మడవడం చూశారు మాస్టారు. మెడ నరాలు ఉబ్బాయి, ఛాతీ పొంగింది. ఆ లక్షణాలు తెలిసిన ఆయన భార్య రెండు చెవులూ మూసుకుంది. మైదానంలో వరసలో ఉన్న పాతిక మందీ ఊపిరి బిగబట్టారు.

మాస్టారు కారు కిటికీలోంచి వెనక సీటు వంక చూశారు. పీల్చిన గాలంతా మెల్లగా వదిలేశారు.

"సార్," అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆయనకే తెలియదు. "అక్కడున్నది దెయ్యం కాదు. నా దేవుడు. నాకు నోటిదురుసు. ఈవిడకు పనితనం లేక కాదు, నేను అరవబట్టే నాలుగుసార్లు తప్పింది. వెనకే ఆయన వింటున్నాడని గుర్తుంటే అరవననుకుని, ఇవాళ పొద్దున తలుపు తీసి మరీ కూర్చోబెట్టుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. తప్పంతా నాది. శిక్ష ఆమెకు వెయ్యకండి."

పాస్టరుగారు చాచిన చెయ్యి నెమ్మదిగా దించుకున్నారు.

"అంటే... నేనిప్పుడు వెళ్ళగొట్టబోయింది..."

"మీరే కదండీ అయ్యగారూ ఎక్కించమన్నారు!"

పాస్టరుగారు నాలుక కరుచుకున్నారు. ఆయన చాలా ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నారు. ఒక్కళ్ళు, ఒక్కసారి, సోమవారం దాకా గుర్తుపెట్టుకుంటే చాలునని ఎన్ని ప్రార్థనలు చేశారో ఆయనకే తెలుసు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నర్సమ్మ కారు దగ్గరికి వచ్చింది. "నా పరీక్షకు దేవుడు వస్తాడా మాస్టారూ?"

"వచ్చే కూర్చున్నాడమ్మా. నువ్వెక్కడమే ఆలస్యం."

ఆమె మడిచిన కాగితాలు మళ్ళీ తీసి ఇన్‌స్పెక్టరుగారికి ఇచ్చింది. పాతిక మంది చూస్తుండగా దేవుడున్న కారు ఎక్కనని ఏ ఇన్‌స్పెక్టరు మాత్రం అనగలడు? మీసం సర్దుకుని, ముందు సీట్లో అంచున కూర్చున్నారు.

కారు కదిలింది. నేర్పేవాళ్ళు పరీక్ష కారులో ఉండకూడదు కాబట్టి మాస్టారు బయటే నిలబడిపోయారు. భార్య పక్కకు వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి, మళ్ళీ అరిస్తే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను" అని నిజాయితీగా ఒప్పుకుందావిడ. అంతలోనే, "ఆయన ఇంట్లో కూడా ఉంటాడుగా?" అంది.

"ఉంటాడు."

"అయితే ఇరవై ఆరేళ్ళుగా మీరు నన్ను అన్నవన్నీ విన్నాడన్నమాట!"

"విన్నాడు" అన్నారు మాస్టారు తల వంచుకుని. "నువ్వు నన్ను అన్నవి కూడా విన్నాడు." ఆవిడ కొంగు సర్దుకుని కారు వైపు తిరిగింది. పాస్టరుగారు ఆకాశంలోకి చూశారు.

అక్కడ కారు నాలుగు కోన్ల మధ్యకు రివర్సులో వెళ్ళాల్సిన చోటుకి వచ్చింది. ఇన్నాళ్ళూ రివర్సు గేరు వేయగానే నర్సమ్మ వెనక్కి చూసేది కాదు. ఎప్పుడు ఉరుముతారోనని పక్కనున్నవాళ్ళ మొహం చూసేది. మొహాలు చూస్తూ కారును వెనక్కి నడిపితే కోన్లు పడక ఏం చేస్తాయి? ఇవాళ తనను చూసి కోప్పడనివాడు ఒకడు వెనక కూర్చున్నాడు. ఆమె నిండుగా వెనక్కి తిరిగింది. సీటు, దాని వెనక అద్దం, అద్దంలోంచి రెండు కోన్లు, వాటి మధ్య చోటు, అన్నీ చక్కగా కనిపించాయి. ఇంత చోటుందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

కారు సగం వెనక్కి వెళ్ళేసరికి, వెనక సీటు మీదున్న బెల్టు బకిల్ జారి టక్కుమంది.

"అమ్మో!" ఇన్‌స్పెక్టరుగారు సీట్లోంచి ఎగిరిపడ్డారు. "బ్రేక్! బ్రేక్! ఆపు! ఆపమంటుంటే!"

మాస్టారి ఇరవై రెండేళ్ళ సర్వీసులో కూడా అంత పెద్ద ఉరుము లేదు. నర్సమ్మ ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. మెత్తగా కారాపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"కాస్త ఎక్కువ కొట్టుకుంటోంది సార్. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి... ఆఁ, అలాగే. ఇంకో మూడడుగులు ఉంది, వెళ్ళిపోదామా?"

ఇన్‌స్పెక్టరుగారు బుద్ధిగా తలాడించారు. కారు మూడడుగులూ వెళ్ళి, నాలుగు కోన్ల మధ్య నిలిచింది. ఒక్క కోను కదల్లేదు. వరసలోని పాతిక మందీ చప్పట్లు కొట్టారు.

"పాసయ్యావమ్మా!"

ఆ కేకకు ఆఫీసు కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మాస్టారు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దొరికిపోయినట్టు పాస్టరుగారి వైపు చూశారు.

"ఫరవాలేదు, ఇది అరుపు కాదు, స్తోత్రం. ఇంకోటి వెయ్యండి!" అన్నారు పాస్టరుగారు. మాస్టారు ఇంకోటి వేశారు. నర్సమ్మ పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూ, ఏడుస్తూ, "రేపు పొద్దున్నే వ్యానెక్కుతాను మాస్టారూ! ముందు ఆ మూడో వీధి తాతగారింటికి వెళ్తాను!" అంది. మాస్టారికి ఏనుగెక్కినంత సంబరమైంది. భార్య కళ్ళు కూడా చెమర్చాయి గానీ దుమ్ము పడిందని చెప్పింది.

ఇన్‌స్పెక్టరుగారు బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపారు. రివర్సు, చాలా బాగుంది. నిబ్బరం, చాలా బాగుంది. అట్టడుగున "పరీక్ష సమయంలో వాహనంలో ఉన్నవారి సంఖ్య" అన్న గడి దగ్గర కలం ఆగింది. రెండు అని వేశారు. కారు వైపు ఒకసారి చూసి, దాన్ని కొట్టేసి మూడు అని వేశారు. కొట్టివేత పక్కన, రూలు ప్రకారం, పొట్టి సంతకం కూడా చేశారు.