సర్పంచు తోటలో పెట్రోలు

తుమ్మలమిట్ట సర్పంచు నారాయణ ఆ పొద్దున లేవగానే పెట్టుకున్న పని ఒక్కటే. కంపెనీ ఇంజినీరుకు కడుపునిండా ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినిపించి, తన చీనీ బత్తాయి తోటలో పైసా ఖర్చు లేకుండా ఒక బోరు వేయించుకోవాలి. ఇందులో మొదటి సగం ఇంజినీరుకు తెలుసు. రెండో సగం తెలియదు, తెలియకూడదు కూడా.

సంగతేమిటంటే, కడప జిల్లాలో ఆ మూల నేల కింద నూనె, గ్యాసు ఏమైనా ఉన్నాయేమో చూద్దామని ఒక కంపెనీ వచ్చింది. బాగా లోతుకు పరీక్ష బోరు వేసి, లోపలి రాళ్లు తీసి చూసుకుని, ఏమీ లేకపోతే సిమెంటు పోసి మూసేసి పోతుంది. బాగా లోతుకు అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి నారాయణకు కంటిమీద కునుకు లేదు. చీనీ చెట్లు ఎండు ముఖం పట్టాయి. ఇంతకుముందు వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. ఇంకొక్క వేసవి ఇట్లాగే పోతే తోట మొత్తం నరికి పొయ్యిలో పెట్టుకోవడమే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే శేషన్న మాత్రం, తోట నడిమధ్యన కాయ నిటారుగా లేచిన చోట సున్నంతో గుర్తు వేసి, "ఈడ నీళ్లుండాయి నారాయణా, కానీ శానా లోతుకు పోవల్ల" అని చెప్పి వెళ్లాడు. అంత లోతుకు పోయే శక్తి నారాయణకు లేదు. కంపెనీకి ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, కంపెనీ చూసుకున్న చోటు తోటలో లేదు. చర్చి కాలనీ వెనకాల పంచాయతీ బయలులో ఉంది.

"ఇంకో బజ్జీ వేసుకోండి సార్," అంటూ నారాయణ మొదలుపెట్టాడు. "ఆ చోటుకు పక్కనే ఇండ్లుండాయి. పసిపిల్లోళ్లు ఆడుకుంటాంటారు. రేప్పొద్దున ఆడ గ్యాసు లేసిందనుకోండి, ఊరికి నేనేం జవాబు చెప్పల్ల? అది తల్చుకుంటే నాకు నిద్ర పడతాండ్లేదు సార్."

నిద్ర పట్టడం లేదన్నది మాత్రం నిజం.

ఇంజినీరు భూపేష్ నమలడం ఆపేశాడు. విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడు. "నేను చాలా ఊళ్లు తిరిగానండీ. నాకేంటి అని అడిగినవాళ్లే గానీ, జనానికేంటి అని అడిగిన సర్పంచ్ మీరొక్కరే," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత మిరపకాయ వల్ల కూడా కావచ్చు. "కాస్త దూరం జరపడానికి మాకు వీలుందండీ. కానీ పొలం ఎవరిస్తారు?"

"ఎవురో ఎందుకు సార్? ఊరి కోసరం నా తోట ఇస్తా."

వంటింట్లో కృష్ణవేణమ్మ చేతిలో గరిటె టంగుమని కింద పడింది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ మొగుడు ఊరి కోసం ఒక్క చీనీకాయ ఇచ్చినట్టు కూడా ఆమె ఎరగదు.

ఇక మిగిలింది గ్రామసభ. దాని పని కూడా నారాయణ ఉన్నపళంగా తేల్చేశాడు. కర్నూలు పక్క కల్లూరు నుంచి వచ్చిన పంచాయతీ కార్యదర్శి యామిని, "జనాన్ని అడగకుండా ఎట్ల సార్? రూల్ ఒప్పుకోదు," అని నసిగింది. "జనం ప్రాణాలు కాపాడేదానికి జనాన్ని అడిగేదేందమ్మా? సభ తర్వాత పెడదాంలే, ముందు నా సంతకంతో పంపు," అన్నాడు. పంపింది. నాలుగు రోజుల్లో రిగ్గు వచ్చి సరిగ్గా శేషన్న సున్నం గుర్తు మీద నిలబడింది. మంచి గాలి తగులుతుందని చెప్పి భూపేష్‌ను ఆ చోటుకు నడిపించింది నారాయణే. పరీక్ష బోరుకు గాలితో ఏం పని అని ఆ పిల్లవాడు అడగలేదు పాపం.

మొదటి రెండు రోజులూ ఊరు నారాయణను నెత్తిన పెట్టుకుంది. మూడో రోజు చిన్న ఈరన్న టీ బంకు దగ్గర కథ మళ్లీ వండారు.

"ఏమప్పా, నాకొకటి చెప్పండి," అన్నాడు ఈరన్న, టీ పైకెత్తి పోస్తూ. "ఎవుడైనా ప్రమాదాన్ని పిలుచుకొచ్చి సొంత తోటలో పెట్టుకుంటాడా? అందులోనూ నారాయణా? పెట్రోలుండాదప్పా ఆడ! ఇంజినీరు చెవిలో చెప్పినాడు, ఈయప్ప మెల్లగా తన తోటకు తిప్పుకున్యాడు."

సాయంత్రానికి ఆ మాట నారాయణ గుమ్మం తొక్కింది. అసలు సంగతి చెబుదామంటే కంపెనీ చెవిన పడి రిగ్గు లేచిపోతుంది. అందుకని బంకు దగ్గరికి పోయి, "పెట్రోలూ లేదు గిట్రోలూ లేదు! ఆడుండేది బండ! నా మాట నమ్మండప్పా!" అని రొమ్ము చరుచుకుని మరీ చెప్పాడు.

"చూసినారా, ఎంత గట్టిగా లేదంటాండాడో!" అన్నాడు ఈరన్న, ఆయన వీధి మలుపు తిరగకముందే.

ఇక చూడాలి ఆ ఇంటి వైభవం! ఎన్నడూ పలకరించని చుట్టాలు పలకరించారు. బామ్మర్ది వెంకటేశ్వర్లు కడప నుంచి మిఠాయి పెట్టెతో దిగి, రాబోయే పెట్రోలు బంకుకు అక్క పేరు పెడదామా, అమ్మవారి పేరు పెడదామా అని అడిగాడు. కృష్ణవేణమ్మ మిఠాయి తీసుకుని, "ముందు ఆ చెట్లకు నీళ్లు పొయ్యి, తర్వాత పేర్లు పెడుదువు," అని తమ్ముణ్ణి బిందెతో తోటకు తోలింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఈరన్నకు రుజువు చూపించాలన్న దుగ్ధ పుట్టింది. రిగ్గు పక్కన బురద నీళ్ల గుంత ఒకటి ఉంది. రిగ్గు ఇంజను నుంచి కారిన డీజిలంతా దాని మీద రంగురంగులుగా తేలుతోంది. మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి కూర్చున్నప్పుడు ఈరన్న తన తువ్వాలు కట్టెకు చుట్టి, గుంతలో ముంచి, అగ్గిపుల్ల గీశాడు. తువ్వాలు భగ్గుమంది. రుజువు దొరికిన సంతోషంలో, చెయ్యి కాలిన బాధలో ఆయన దాన్ని గిరాటు వేస్తే అది పోయి కంప కంచె మీద పడింది. ఎండు కంప చిటపటమని అంటుకుంది.

పొగ చూసి చర్చి కాలనీవాళ్లు "గ్యాసు లేసిందిరో!" అని పిల్లల్ని చంకనేసుకుని, రోడ్డెక్కడానికి ఉన్న ఒకే ఒక్క దారి అదే కాబట్టి, తోట దారినే పరుగెత్తారు. తక్కిన ఊరు "పెట్రోలు పడిందిరో!" అని క్యాన్లు, బిందెలు పట్టుకుని తోటలోకి పరుగెత్తింది. రెండు పరుగులూ తోట గేటు దగ్గర ఢీకొన్నాయి. ముందు పారిపోయేవాళ్లు పోవాలా, పట్టుకునేవాళ్లు రావాలా అని అక్కడే పెద్ద పంచాయితీ జరిగింది. ఈలోగా రిగ్గు పనివాళ్లు వచ్చి, వెంకటేశ్వర్లు చెట్లకని మోసుకొచ్చిన నీళ్లతోనే మంట ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, కాలనీ వార్డు మెంబరు ప్రసన్నకుమారి గేటు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడిపోయింది. పరుగులో ఆమె చేతిలోంచి జారి పడ్డ పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.

ప్రసన్నకుమారి వేరుశనక్కాయ కోతలకు పోయే మనిషి. గొంతెత్తి అరవదు, అడిగింది వదలదు. కాలనీకి తాగునీటి బోరు కావాలని ఆమె అడగని సమావేశం లేదు. చూద్దామని నారాయణ అనని సమావేశం కూడా లేదు. "రేపు గ్రామసభ పెట్టన్నా," అంది ఇప్పుడు. "పెట్టకుంటే నేనే కలెక్టరాఫీసుకు పోతా."

పొద్దున్నే బడి ముందర సభ కూడింది. ఊరు ఊరంతా వచ్చింది. కొందరు క్యాన్లు ఇంట్లో పెట్టి రావడం కూడా మరిచిపోయారు.

"ముందు ఇది చెప్పన్నా," అంది ప్రసన్నకుమారి. "ఊర్లో ఆ బోరు వెయ్యమని సంతకం ఎవురు పెట్టినారు?"

"నేనే పెట్టినానమ్మా, మీ కాలనీ బాగు కోసరం."

"మా బాగు మమ్మల్ని అడక్కుండానే చేసినావా? సరే. నిన్న మంటొచ్చె. రేపు గ్యాసొస్తే? ఆ గుంతలో మురుగు మా కుంటలోకి దిగితే? ఎవుర్ని అడగల్ల మేము? కంపెనీనా, కలెక్టర్నా, నిన్నా?"

ఊరంతా చూస్తుంటే నారాయణకు వెనక్కి తగ్గడానికి దారి కనిపించలేదు. "నన్నే అడగండి! నేనే జవాబుదారీ!" అన్నాడు.

"చెడు వస్తే నువ్వు జవాబుదారీ. బాగుండాది. మరి మంచి వస్తే ఎవురిది?"

"సగమన్నా ఊరికిస్తావా లేదా, అది చెప్పు!" అని అరిచాడు ఈరన్న, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

నారాయణకు ఒళ్లు మండిపోయింది. లేని పెట్రోలు కోసం వారం రోజులుగా దొంగను చూసినట్టు చూస్తున్నారు తనను! లేనిదాన్ని ఇచ్చేస్తే పోయేదేముంది? లేచి నిలబడి తువ్వాలు దులిపాడు. "సగమేందప్పా సగం? ఆ బోర్లో ఏమొచ్చినా నాకొక్క చుక్క వద్దు! బోరూ ఊరిదే, దాని సుట్టూ నేలా ఊరిదే! రాయి యామినమ్మా!"

యామిని పెన్ను ఆపింది. "ఏమొచ్చినానా సార్? పెట్రోలు, గ్యాసు అని రాద్దునా?"

"ఏమొచ్చినా అనే రాయి! మాటంటే మాటే!"

చప్పట్లు మోగిపోయాయి. ప్రసన్నకుమారి కూడా కొట్టింది, కానీ ఆమె నవ్వు నారాయణకు ఎందుకో నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మధ్యాహ్నం సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. వడ్డిస్తూ కృష్ణవేణమ్మ అడిగింది.

"ఏమయ్యా, మరి నీళ్లొస్తే?"

ముద్ద గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగించి వీపు మీద నాలుగు గుద్దులు గుద్దింది ఆమె. అందులో రెండు ముద్ద కోసం కాదు. చెయ్యి కడుక్కోకుండానే సచివాలయానికి పరుగెత్తాడు నారాయణ. "అమ్మా, ఆ కాగితంలో చిన్న మార్పుండాది..."

"మండలానికి, కంపెనీకి అప్పుడే పంపేసినా సార్," అంది యామిని సంతోషంగా. "ఈసారైనా అంతా రూల్ ప్రకారం చేసినాం సార్!"

అక్కడి నుంచి తోటకు పరుగు. "సార్, బోరు ఆపండి సార్! ఇంక లోతుకు వద్దు!" అని భూపేష్ చేతులు పట్టుకున్నాడు. ఊరి కోసం ఇంత కంగారు పడే నాయకుణ్ణి చూసి భూపేష్‌కు మళ్లీ కళ్లు చెమర్చాయి. ఈసారి మిరపకాయ లేదు. "భయపడకండి సర్పంచ్ గారూ, ప్రమాదమేమీ రాకుండా నేను చూసుకుంటాగా," అని భుజం తట్టి రిగ్గు మళ్లీ నడిపించాడు. అన్నేళ్లు నీళ్ల కోసం మొక్కిన మనిషి ఆ వారమంతా నీళ్లు పడకూడదని ఏ దేవుడికి మొక్కాలో తెలియక తిరిగాడు. ఇక చచ్చేదాకా ఆ ఎండు చెట్ల మధ్య తలెత్తుకుని తిరగలేనని భార్య దగ్గర నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాడు. కృష్ణవేణమ్మ కోపం మరిచిపోయి కొంగుతో తుడిచింది. అవి ఆమె కూడా కలిసి నాటిన చెట్లే.

కంపెనీవాళ్లు వెతికింది దొరకలేదు. పెట్రోలు లేదు, గ్యాసు లేదు. దొరికింది నీళ్లు. ఒక పొద్దున పైపులోంచి తాటిమాను ఎత్తున ఎగజిమ్మాయి. తియ్యటి నీళ్లు, పరీక్షలో కూడా మంచివని తేలాయి. శేషన్న వచ్చి దోసిట పట్టి తాగి, "చెప్పినా కదా నారాయణా," అన్నాడు. చెప్పాడు, ఎవరు కాదన్నారు?

"మామూలుగా అయితే సిమెంటు పోసి మూసేసేవాళ్లమండీ," అన్నాడు భూపేష్. "కానీ మీ తీర్మానం మా పెద్దవాళ్ల మనసు కరిగించేసింది. మోటారు కూడా మేమే బిగించి పంచాయతీకి అప్పగిస్తున్నాం. మీలాంటివాళ్లు ఊరికి ఒక్కరుంటే చాలండీ."

తోట నడిమధ్యన నుంచి, ఎండిన చీనీ చెట్ల పక్కగా, చర్చి కాలనీకి పైపు పోయింది. నారాయణకు శాలువా కప్పారు. ప్రసన్నకుమారి మొదటి బిందె ఆయన చేతనే పట్టించింది. "ఈసారి నువ్వు చూద్దామనలేదన్నా, చేసి చూపించినావు," అంది. ఆమె కళ్లలో తడి చూసి నారాయణకు ఒక్క క్షణం నిజంగానే గొప్పగా అనిపించింది. శాలువాతో ఇంటికి పోయాక కృష్ణవేణమ్మ దాన్ని పైకీ కిందికీ చూసి, "దీన్ని ఉతికిన నీళ్లన్నా చెట్లకు పోయనిస్తారా, అదీ ఊరిదేనా?" అని అడిగింది. గొప్ప దిగిపోయింది.

ఉపాయం కూడా ఆమే చెప్పింది. ట్యాంకు నిండాక పొర్లిపోయే నీళ్లు తోటకు ఇప్పించమని రైతు నారాయణ పంచాయతీకి అర్జీ పెట్టుకున్నాడు. తర్వాతి గ్రామసభలో అది సర్పంచు నారాయణ ముందుకు వచ్చింది. ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది. తీర్మానం కాగితం ఒడిలో పెట్టుకుని ముందు వరుసలో ప్రసన్నకుమారి ఉంది. సర్పంచు అర్జీని రెండుసార్లు చదివి, గొంతు సవరించుకుని, "ఏమొచ్చినా ఊరిదే కాబట్టి, కుదరదు," అని సంతకం పెట్టాడు.

ఒక సర్పంచు తన మనిషికి పని చేసిపెట్టకపోవడం తుమ్మలమిట్టలో అదే మొదటిసారి.