మేయరు మేయరు

మాట జారు వేళ మన్నించి కావుమా
వాణి! పలుకురాణి! వరములిమ్ము
చెవిని చేరు దారి చెడిపోని రీతిగా
తెలుగు నుడిని నిలుపు తేటపరచి.

వాగ్దేవికి మ్రొక్కి మొదలుపెట్టిన ఈ కథలో దోషమంతా ఒక్క క్రియాపదానిది. మనుషులు నిరపరాధులు.

అది ఎనభై మూడవ సంవత్సరం, అక్టోబరు నెల. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలో అబూ ఫైసల్ అనే వ్యాపారి ఇంటి వంటగదిలో, పిఠాపురం వాస్తవ్యుడు కుక్కుటేశ్వరరావు తెల్లవారకముందే స్నానం ముగించి, విభూతి ధరించి, యాలకులు దంచుతున్నాడు. పిఠాపురం స్వామివారి పేరును అంత పొడవున పలకడం చేతగాక, యజమాని మొదటి అక్షరాల దగ్గరే ఆగి 'కుక్' అని పిలిచేవాడు. అది తన పేరో, తన ఉద్యోగమో తేల్చుకోలేక కుక్కుటేశ్వరరావు కొన్నేళ్ళుగా రెండింటికీ పలుకుతున్నాడు.

ఆ ఉద్యోగానికి ఇప్పుడు గండం వచ్చింది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామాకు గడువు తీరవస్తున్నది. దానిని మళ్ళీ వేయించవలసిన కఫీల్, అంటే పూచీదారు, అబూ ఫైసలే. ఆయన భోజనాల బల్ల దగ్గర ఎవరో లెబనాను వంటవాడి ప్రస్తావన ఈమధ్య తరచుగా వినవస్తున్నది. క్రితం రోజు యజమాని తేల్చి చెప్పేశాడు. "యా కుక్! రేపటి విందు బాగుంటే ఇఖామా. బాగుండకపోతే ఖలాస్, విమానం."

ఆ విందు అమెరికాలోని ఒక మహానగరపు మేయరు డోనెల్లీకి. ఆయన పరిస్థితి కూడా మన వంటవానిదానికి భిన్నమైనది కాదు. పదిహేను రోజులలో అక్కడ ఎన్నిక. కూర్చున్న కుర్చీలోనే మరల కూర్చోవాలని ఆయన ఆశ. ప్రత్యర్థి విట్కర్ మాత్రం, పాత వంతెన సొమ్మును ఈ మేయరు మేశాడని ఊరంతా చాటుతున్నాడు. అబూ ఫైసల్ చేత కొత్త వంతెనకు పెట్టుబడి పెట్టించి తిరిగి వెళితే ఆ నోరు మూతపడుతుందని డోనెల్లీ ఇంత దూరం వచ్చాడు. ఆ విధంగా ఇఖామా ఒకరిది, గద్దె ఒకరిది, రెండూ ఒకే పళ్ళెంలో వడ్డనకు సిద్ధమైనాయి.

విందు వఫ్రాలో, అబూ ఫైసల్ పొలంలో. మేయరు హోటలు నుంచి వేరే కారులో ఉదయమే బయలుదేరాడు. అబూ ఫైసల్ కువైట్ సిటీలోని తన కార్యాలయంలో పని చూసుకుని వెళతాడు. కుక్కుటేశ్వరరావు గుండిగలతో సహా డ్రైవరు బాబ్జాన్ బండిలో చేరుకోవాలి. ఇదీ ఏర్పాటు. అతిథి చేరాడో లేదో తెలుసుకుని బయలుదేరుదామని వంటవాడు పొలానికి టెలిఫోను చేశాడు. చేయకపోయి ఉంటే ఈ కథ లేదు.

పొలంలో ఫోను ఎత్తినవాడు రాయచోటి సుభాన్. అతడు గొర్రెల కాపరి. అతని సంరక్షణలో నవాబు అనే మేలుజాతి పొట్టేలు ఉండేది. అబూ ఫైసల్‌కు కన్నకొడుకు తరువాత నవాబే. కొందరు నవాబు తరువాతే కొడుకని కూడా అనేవారు. ఆ ఉదయం సుభాన్‌కు తెలిసినది ఒక్కటే: ఎవరో అమెరికా దొర వస్తున్నాడు. ఆ దొర మేయరని అతనికి ఎవరూ చెప్పలేదు.

"హలో! సుభానూ! నేనయ్యా, కుక్కుటేశ్వర్రావుని. మేయరు సంగతేంటి?"

"నీకప్పుడే తెలిసిపాయెనా అన్నా! మేయరు! పొద్దుట్నుంచీ మేయరు!"

"ఓరి నాయనో, అప్పుడే వచ్చేసేరేంటి! ఎలా ఉన్నారు?"

"ఏం జెప్పేదన్నా! కడుపు తప్పెట మాదిరి ఉబ్బింది. కాళ్ళు నాలుగూ బారజాపి పడిపోయినారు." వఫ్రా తీగలలో ఎడారిగాలి ఈలవేసింది. ఆ గాలి 'నాలుగూ' అన్న మాటను ఎగరేసుకుని పోయింది. "కండ్లు తేలేసినారు. సారుకు జెప్పి డాక్టర్ని తోలియ్యన్నా. ఆలస్యమయితే కోసేసేదే, ఇంగ దారి ల్యా!"

"కోసెయ్యడవా! ఎవరు?"

"నేను గాక ఇంగెవరు కోస్తారు? కత్తి నూరి పెట్టుకోనుండా!"

తీగ తెగింది. కుక్కుటేశ్వరరావు చేతిలోని యాలకులు నేలరాలాయి. అప్పటికి ఆయనకు అర్థమైనది ఇది: మహానగరపు మేయరు కడుపుబ్బి పడిపోయాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే సుభాన్ ఆయనకు శస్త్రచికిత్స చేయడానికి సన్నద్ధుడై ఉన్నాడు.

గుండిగలు ఎత్తడానికి వచ్చిన బాబ్జాన్ హైదరాబాదు వాడు. వంటవాని వాలకం చూసి నిలబడిపోయాడు. "ఏమైంది భాయ్? గట్ల చెమటలు పట్టినయేంది?"

"కొంప మునిగిందయ్యా బాబ్జానూ! మేయరు గారు కడుపుబ్బి పడిపోయేరంట. డాట్రు రాపోతే సుభాను కోసేత్తాడంట!"

"ఏం కోస్తడు?"

"కడుపండీ, కడుపు!"

"పాగల్ అయిండా వాడు? నడువ్, నడువ్, అర్బాబ్ సాబ్‌కు చెప్దాం. నేను చెప్తా, నాకు అరబ్బీ మంచిగొస్తది."

బాబ్జాన్‌కు వచ్చిన అరబ్బీ కుడి, ఎడమ, ఆపు అన్నంతవరకు నిర్దుష్టమే. అబూ ఫైసల్ కార్యాలయంలోకి రొప్పుతూ జొరబడి, అంతకు మించిన భావాన్ని అతడు నాలుగు మాటలలో నివేదించాడు. "మేయర్! వఫ్రా! బతన్! సిక్కీన్!" బతన్ అంటే పొట్ట, సిక్కీన్ అంటే కత్తి. ఆ నామవాచకాలను అతికే విభక్తులు గాని, క్రియలు గాని బాబ్జాన్ వద్ద లేవు. వాటిని అబూ ఫైసల్ తానే సమకూర్చుకున్నాడు. వఫ్రాలో మేయరును ఎవరో పొట్టలో కత్తితో పొడిచారు!

ఆయన ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. "ఎవరు పొడిచింది?"

"సుభాన్!" అన్నాడు బాబ్జాన్, కత్తి ఎవరిదని అడిగినట్లు తోచి.

అబూ ఫైసల్ ఆసుపత్రికి ఫోను చేసి శస్త్రవైద్యుణ్ణి రప్పించాడు. పొలానికి చేశాడు, తెగిన తీగ పలకలేదు. పోలీసులకు చేశాడు. హోటలుకు చేశాడు. మేయరు ఉదయమే వెళ్ళాడని, కారు తిరిగి రాలేదని వారు చెప్పారు. అక్కడే మేయరు వెంట వచ్చిన పత్రికా విలేఖరి ఒకడు, ఎండకు జడిసి పొలం ప్రయాణం మానుకుని కూర్చుని ఉన్నాడు. హోటలువారి నోట ఆ మాట వినడమే తడవుగా అతడు తన నగరానికి టెలెక్సు కొట్టి, కెమెరా భుజాన వేసుకుని టాక్సీ ఎక్కాడు. 'మేయరు డోనెల్లీకి కత్తిపోటు. ప్రాణాపాయం.' అమెరికాలో ఇంకా తెల్లవారలేదు.

"యా కుక్!" అని అబూ ఫైసల్ గర్జించాడు. "నా పొలంలో నా అతిథి నెత్తురు పడిందా? పొడిచినవాడు మీ ఊరివాడే కదా! అతిథి చస్తే నీ ఇఖామా నా చేతులతో చింపేస్తాను. ఎక్కు బండి! యల్లా!"

"మా ఊరు కాదండి, ఆళ్ళది రాయచోటండి, మాది గోదారి జిల్లా" అని కుక్కుటేశ్వరరావు మనవి చేసుకోబోయాడు. కువైట్ నుంచి చూసేవారికి ఆ రెండింటి మధ్య దూరం కనబడదు.

ముందు పోలీసు బండి, వెనుక అంబులెన్సు, దాని వెనుక అబూ ఫైసల్ కారు, చిట్టచివర బాబ్జాన్ బండి దక్షిణంగా దూసుకుపోయాయి. ఇరువైపులా ఇసుక, నడుమ మరుగుతున్న తారు. వేడి గుండిగను ఒడిలో పట్టుకుని కుక్కుటేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. మేయరు పోతే ఇఖామా పోతుంది. ఇఖామా పోతే తానూ పోతాడు. సుభాన్ తల ఎలాగూ ఉండదు. 'స్వామీ, నీ పేరు పెట్టుకున్న పాపానికైనా ఆ దొర ఊపిరి ఒక్క గంట నిలుపు' అని ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. బాబ్జాన్ కూడా ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండవ చేత్తో దువా చేస్తున్నాడు. ఆ దారిలో అది రెండు విధాలా అవసరమే.

పొలం గేటు వద్ద సుభాన్ ఎదురువచ్చాడు. చేతిలో కత్తి ఎండకు తళతళలాడుతున్నది. వచ్చిన బండ్లను చూసి అతని కళ్ళు చెమర్చాయి. "డాక్టర్ని తోలియ్యమంటే ఇంతమంది వచ్చినారా అన్నా! రాండి, రాండి! మేయరు, ఇంగా మేయరు!"

ఇద్దరు పోలీసులు అతని మీద పడి కత్తి లాక్కున్నారు. "వేన్ మేయర్?" అని అబూ ఫైసల్ అరిచాడు. ఎక్కడ అన్నది మాత్రం అర్థమై, సుభాన్ గడ్డంతో గొర్రెల దొడ్డివైపు చూపాడు. అతిథి శవాన్ని దొడ్డిలో పడేశారని అబూ ఫైసల్ తల పట్టుకుని పరుగెత్తాడు. వెంట పెట్టె పుచ్చుకుని వైద్యుడు, అతని వెంట వంటవాడు.

దొడ్డిలో నవాబు ఒక్కటే పడి ఉన్నది. కడుపు నిజంగానే తప్పెటలా ఉన్నది.

"మేయరు గారు ఏరయ్యా?" అన్నాడు కుక్కుటేశ్వరరావు, దొడ్డి మూలమూలలా వెతుకుతూ.

"కండ్ల ముందర పెట్టుకోని అడుగుతావేందన్నా? వీరే గదా!"

"ఇది పొట్టేలయ్యా!"

"పొట్టేలు గాబట్టే మేయరంటాండా! మనిషయితే తినరు అంటా గదా!"

కుక్కుటేశ్వరరావుకు తల తిరిగింది. కింద పడకుండా ఆయన వ్యాకరణాన్ని ఆసరా చేసుకున్నాడు. "పొట్టేలైతే 'మేయదు' అనాల్రా! 'మేయరు' అంటావేటి?"

"సారు ఏం జెప్పినాడు? ఇది నీకంటే పెద్దది, మర్యాదగా చూసుకో అని జెప్పలా? మర్యాదిచ్చినా! ప్రాణం పోయినాంక కోస్తే హరాం గదా అని కత్తి గూడా నూరినా!"

ఈ వివరణ బాబ్జాన్ అరబ్బీ గుండా అబూ ఫైసల్‌ను చేరడానికి కొంత సమయం పట్టింది. చేరిన తరువాత ఆయన మెల్లగా వంటవాని వైపు తిరిగాడు. "యా కుక్..." ఆ పిలుపులో ఈసారి పేరూ లేదు, ఉద్యోగమూ లేదు. కుక్కుటేశ్వరరావు చేతులు జోడించి నిలబడ్డాడు. విమానం రెక్కలు ఆయన కళ్ళకు కనబడుతున్నాయి.

ఇంతలో నవాబు మూలిగింది.

అబూ ఫైసల్ మిగిలినదంతా మరిచిపోయి వైద్యుని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నేను మనుషుల వైద్యుణ్ణి!" అన్నాడు వైద్యుడు. "కడుపు కడుపే!" అన్నాడు అబూ ఫైసల్. వైద్యుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ డొక్కను తడిమి లావుపాటి సూదిని గుచ్చాడు. టైరు పంచరైనంత చప్పుడు వచ్చింది. దాని వెనుక వచ్చిన వాసనకు పోలీసులు సుభాన్‌ను వదిలేసి దూరంగా పారిపోయారు. నవాబు నాలుగు కాళ్ళ మీద లేచి, తల విదిలించి, ఎదురుగా ఉన్న పచ్చగడ్డి అందుకున్నది.

"మేస్తాండారు! అన్నా, మేస్తాండారు!" అని సుభాన్ ఎగిరి గంతేశాడు.

అదే క్షణంలో గేటు వద్ద దుమ్ముకొట్టుకుపోయిన కారు ఒకటి ఆగింది. తోటల బాటలలో దారి తప్పి, తిరిగిన చోటే తిరిగి, దాహంతో నాలుక పిడచకట్టుకుని డోనెల్లీ దిగాడు. ఎదురుగా అంబులెన్సు, పోలీసులు, ఒక పొట్టేలు చుట్టూ ఏడుస్తూ నవ్వుతూ కౌగిలించుకుంటున్న జనం. అది ఈ దేశపు ఆచారం కాబోలనుకుని, ఎన్నికలలో నలిగినవాడు గనుక, ఆయన వెంటనే గుప్పెడు గడ్డి తీసి నవాబు నోటికి అందించి చిరునవ్వు నవ్వాడు. టాక్సీ దిగుతూనే విలేఖరి ఫోటో తీశాడు.

ఆ ఫోటో చేరేలోపల అక్కడ జరగవలసినది జరిగిపోయింది. మరణశయ్య మీద ఉన్నవానిని నిందించడం ఓట్లకు చేటని ఎరిగిన విట్కర్ ఉదయమే రేడియోలో గద్గదస్వరంతో మాట్లాడాడు. "అంతటి నిప్పులాంటి మనిషిని ఈ నగరం మళ్ళీ చూడదు. వంతెన సొమ్ము ఆయన తాకనైనా లేదని నాకు తెలుసు." సాయంత్రానికి ఆ నిప్పులాంటి మనిషి పొట్టేలుతో సహా పత్రికలలో కనబడ్డాడు. అన్న మాటను వెనక్కు తీసుకునే దారి విట్కర్‌కు లేకపోయింది. ఎన్నికలో డోనెల్లీ సునాయాసంగా గెలిచాడు.

విందు సంగతి చెప్పాలి. చల్లారిన బిర్యానీనే అందరూ తిన్నారు. చేయి కడుక్కుంటూ అబూ ఫైసల్ వంటవాణ్ణి పిలిచాడు. "యా కుక్! పశువైద్యుడు సెలవులో ఉన్నాడు. నీవు సరిగ్గా విని పొట్టేలుకు జబ్బని చెప్పి ఉంటే, ఏ శస్త్రవైద్యుడు ఇంత దూరం వచ్చేవాడు? నీ చెవుడే నా నవాబును బతికించింది." ఆ ఆనందంలోనే ఆయన మేయరుకు వంతెన మాట ఇచ్చాడు. మరునాడు ఇఖామా మీద ముద్ర పడింది. లెబనాను వంటవాని ఊసు మళ్ళీ రాలేదు.

కొత్త వంతెన సొమ్మును ఆ మేయరు మేశాడో లేదో నాకు తెలియదు. వఫ్రాలో నవాబు గారు మాత్రం మేస్తూనే ఉన్నారు.

ఈ కథ విన్నవారికి, వినిపించినవారికి వాగ్దేవి కటాక్షం కలుగుగాక. కుర్చీ కలవారికి కుర్చీయు, కొలువు కలవారికి కొలువును నిలుచుగాక. నోరులేని జీవాలకు వేళకు మేత దొరకుగాక. టెలిఫోను తీగ మీద ఎల్లవారూ పొట్టేలును ఏకవచనంలోనే సంబోధింతురుగాక. శుభమస్తు.