కాకరలంక స్టాండ్‌బై

కాకరలంక డీజిల్ ప్లాంటులో కాంట్రాక్టు ఆపరేటరు గుత్తుల పెద్దిరాజు పొద్దున్నే డ్యూటీ ఎక్కి జనరేటరు అయిపోయాడు. కాళ్ళు సిమెంటు దిమ్మెలోకి దిగిపోయాయి. వీపున పొగ గొట్టం మొలిచింది. పొట్ట ఉండాల్సిన చోట డీజిల్ ట్యాంకు. పాత ఇంజను అప్పటికే చచ్చి ఉంది కాబట్టి ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పూట కరెంటొచ్చింది, అంతే.

గోదావరి అవతల నుంచి విద్యుత్ శాఖ ఏఈ గారు పడవ మీద వచ్చి చూశారు. వీపు మీద తెల్ల పెయింటుతో నంబరు వేయించారు. మనిషిగా ఉన్నన్నాళ్ళూ పర్మనెంటు చెయ్యండి బాబోయ్ అని పెద్దిరాజు ధర్నాలు చేశాడు, లాఠీలు తిన్నాడు. మిషను కాగానే సాయంత్రానికల్లా శాఖ ఆస్తి అయిపోయాడు. ఇన్సూరెన్సు కూడా చేయించారు. ఖాళీ అయిన కాంట్రాక్టు పోస్టు కారుణ్య నియామకం కింద భార్య పల్లాలమ్మకిచ్చారు. మొగుణ్ణి స్టార్టు చెయ్యడం, ఆపడం ఆవిడ పని.

ఇంజను తిరుగుతున్నప్పుడే పెద్దిరాజు మాట్లాడగలడు. తిరుగుతుంటే ఆ మోతలో ఏదీ వినపడదు. ఇందులో శాఖకి ఇబ్బందేమీ కనపడలేదు. పల్లాలమ్మ మాత్రం అన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని, ఆయన ఒంటి రేకు మీద చెయ్యేసి కూర్చునేది. మాట తెలియకపోయినా అదురు తెలిసేది. కోపంగా ఉన్నాడో కులాసాగా ఉన్నాడో చెప్పేసేది.

తర్వాత ఏటి మీంచి పెద్ద లైను వచ్చింది. మంత్రిగారు స్విచ్చి నొక్కారు. పెద్దిరాజు స్టాండ్‌బై అయ్యాడు. కరెంటు పోతేనే వాడాలి. చుట్టూ కంచె కట్టారు. గురువారం గురువారం మాత్రం, బతికున్నాడో లేదో చూడ్డానికి కాసేపు తిప్పాలి. ఏ ఇంటికీ కరెంటు ఇవ్వకూడదు. లోడు లేకుండా, ఉత్తినే.

ఉత్తినే తిప్పితే డీజిలింజనుకి లోపల మసి పేరుకుంటుంది. ఇది అందరికీ తెలిసిందే. పెద్దిరాజు నల్లగా దగ్గడం మొదలెట్టాడు.

"ఏఈ గారండీ, మా పేట కరెంటొక్కటీ ఈయనకి తగిలిస్తానండి. పనుంటే మసి కాలిపోద్ది. లేకపోతే మనిషి దక్కడండి," అంది పల్లాలమ్మ.

"మనిషి కాదమ్మా, యూనిట్టు."

"ఆయ్. ఆ యూనిట్టే దక్కదండి."

"పెద్ద లైను ఉండగా స్టాండ్‌బైకి లోడిస్తే ఆడిట్ వాళ్ళు నన్ను తింటారు."

తుఫానుకి లైను తెగింది. పల్లాలమ్మ పరిగెత్తుకెళ్ళి హ్యాండిలు తిప్పింది. ఊరంతా లోడు. పెద్దిరాజు మసంతా కక్కేసి శుభ్రంగా ఊపిరి పీల్చుకున్నాడు. జనం ఫోన్లు పట్టుకుని కంచె దాకా వచ్చారు. "పెద్దిరాజు బావా, నువ్వే గతిరా మాకు!" అని అరిచారు. ఛార్జింగు అయ్యాక సీరియలు టైముకి వెళ్ళిపోయారు. పల్లాలమ్మ ఉండిపోయింది. రేకుకి చెవి ఆనించింది. ఈసారి మాట అందింది.

"ఆపకే."

లైను బాగైంది. ఆపెయ్యమ్మా అని ఏఈ గారు ఫోన్ చేశారు. ఆవిడ ఆపలేదు. ఆయనే పడవెక్కి వచ్చేసరికి రేకుకి ఆనిన ఆవిడ చెవి రేకైపోయి ఉంది. కాళ్ళు దిమ్మెలోకి దిగిపోయాయి. ఆయన పెద్దిరాజుని తన చేత్తోనే ఆపి, పల్లాలమ్మ వీపు మీద తర్వాతి నంబరు వేయించారు.

"మంచిదే. స్టాండ్‌బైకీ ఓ స్టాండ్‌బై ఉండాలిగా," అన్నారు.

యూనిట్ల మధ్య ఖాళీ ఉండాలి కాబట్టి గొలుసు కప్పీ వేసి ఇద్దర్నీ విడదీశారు. రెండూ ఒకేసారి తిప్పకూడదన్నది రూలు. ఆయనది గురువారం, ఆవిడది సోమవారం. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగి ఉంటారు. ఆగిన ఇంజనుకి ఏమీ వినపడదు.

ఆపరేటరు పోస్టు మళ్ళీ ఖాళీ. సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని జనం రేవు దాకా క్యూ కట్టారు. పొగ గొట్టాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ అడిగింది ఒకటే.

"జనరేటరైతే పర్మనెంటు చేస్తారంట, నిజమేనాండి?"

ఏఈ గారు నిజమేనన్నారు. క్యూ కాస్త ముందుకి జరిగింది.