స్తూపం మీద రెండో పేరు

ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మోతె మండలంలోని ఒక ఊరి స్తూపం దగ్గర జెండా ఎగిరింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి తాడు సైదయ్య చేతిలో లేదు.

కారణం అతని బావమరిది శ్యాంసుందర్. సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడుపుతాడు. సాయుధ పోరాటం రోజుల్లో దొర గడీ తలుపు తీసి ధాన్యం పంచినవాళ్ల పేర్లు స్తూపం మీద చెక్కారు. మొదటి పేరు సైదయ్య తాతది, రెండోది శ్యాంసుందర్ తాత ముత్తయ్యది. ఏటా మొదటి పేరు మనుమడు జెండా ఎగరేస్తాడు, రెండో పేరు మనుమడు చప్పట్లు కొడతాడు. కొట్టినప్పుడల్లా శ్యాంసుందర్‌కు కడుపు మండేది.

మంగళవారం పొద్దున అతను కోదాడ వెళ్లాడు. ఆ గడీ గురించి ఊళ్లో చెప్పుకునే చరిత్ర తప్పని రాసిన పుస్తకం కొన్నాడు. తిరుగు బస్సు మునగాల దాటకముందే అరవై నాలుగో పేజీ దొరికింది. దాని ప్రకారం తలుపు తీసిన రోజు సైదయ్య తాత గడీ దగ్గర లేడు, మిర్యాలగూడలో ఎడ్లు కొంటున్నాడు. శ్యాంసుందర్ ఆ పేజీని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

సైదయ్య ఫోన్ చేశాడు. "శ్యాం, ఇన్నేండ్లు మనం సెప్పుకున్నదంత తప్పేనా?"

"నేనంటలేను బావా, పుస్తకమంటున్నది. మనసు గట్టి చేసుకో."

శ్యాంసుందర్ భార్య పుష్ప పుస్తకం అందుకుంది. "మిగతాది సదివినవా?"

"ఇంక సదివేదేముంది? బావ పని ఖతం."

గురువారం అతను మిర్యాలగూడ వెళ్లి పుస్తకం రాసిన రిటైర్డ్ టీచర్ కృష్ణమూర్తి సారును ఆదివారం స్తూపం దగ్గర జరిగే సభకు పిలిచాడు. ఊళ్లో ఇరవై కాపీలు పంచాడు. సైదయ్య మనుషులు ఎడ్ల రసీదు చూపమన్నారు. గొడవ తెగక స్తూపం కమిటీ తీర్మానం రాసింది: సారు సభలో చదవాలి, తలుపు తీసింది ఎవరని పుస్తకం చెబితే వారి ఇంటివాళ్లే జెండా ఎగరేయాలి. మొదటి సంతకం శ్యాంసుందర్‌ది.

శనివారం సాయంత్రం పుష్ప డెబ్బై ఒకటో పేజీ దగ్గర ఆగింది. "ఏమయ్యా, జర ఇది సూడు."

"రేపు సారే సదువుతడు. నా తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి."

ఆమె చొక్కా ఇస్త్రీ చేసింది. తన చీర కూడా చేసుకుంది.

సభలో సారు ఎడ్ల సంగతి చదివాడు. సైదయ్య తల దించుకున్నాడు. శ్యాంసుందర్ జెండా వైపు రెండడుగులు వేశాడు. సారు చదువుతూ డెబ్బై ఒకటో పేజీకి వచ్చాడు. ఆ మధ్యాహ్నం గడీ కావలివాడు ముత్తయ్య నిద్రపోయాడు. అతని మొలతాడుకున్న తాళంచెవిని వడ్లు దంచే సుక్కమ్మ విప్పుకుని తలుపు తీసింది. అలికిడికి లేచిన ముత్తయ్య జనంలో కలిసి తనూ ఒక మూట ఎత్తుకున్నాడు.

"సుక్కమ్మ తాలూకు ఎవరన్నా ఉన్నరా?" అని సారు అడిగాడు.

"మా అమ్మమ్మే సార్," అంటూ పుష్ప లేచింది.

"పుస్తకంల రాసిందంత నిజమైతదా సార్?" అన్నాడు శ్యాంసుందర్.

కమిటీవాళ్లు అతని సంతకం చూపించారు.

"మనసు గట్టి చేసుకో, శ్యాం," అన్నాడు సైదయ్య.

ఆ ఊళ్లో చెప్పులతో స్తూపం మెట్లెక్కరు. జెండా ఎగరగానే అందరూ చప్పట్లు కొట్టారు. శ్యాంసుందర్ కొట్టలేదు. అతని రెండు చేతుల్లో పుష్ప చెప్పులున్నాయి.