డెస్మండ్ సర్వరోద్ధరణము

దక్షిణధ్రువ శీతమారుతాలకు విహారస్థలమైన బల్లారట్ పట్టణంలో, పురపాలక సంఘంవారి పాతసామాను లారీ ఏడాదికొక్కమారు దయచేసే పుణ్యదినాన, ఇంటింటి ముందర గడ్డిమీద విరిగిన కుర్చీలూ తుప్పుసైకిళ్లూ వ్యూహాలు తీరి నిలిచిన ఉషఃకాలాన, నిజగ్యారేజీదుర్గాధీశ్వరుడూ, తంత్రీజాలపరివేష్టితుడూ, త్రిదినక్షౌరవర్జితుడూ అయిన డెస్మండ్ మహావీరుడు, పాత సర్వర్ కంప్యూటర్‌లోని ఫొటోలూ వీడియోలతో సహా కుటుంబసర్వస్వాన్ని కొత్త సర్వర్‌లోకి తరలించి, పాతదాన్ని నున్నగా తుడిచేసి, విజయగర్వంతో టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వేంచేశాడు.

తిరిగొచ్చేసరికి బల్లమీద పాతదే ఉంది. కొత్తది లేదు.

"నొరీన్! ఇక్కడి పెట్టె ఏదీ?"

"ఆ దరిద్రపు డబ్బానా? లారీ వస్తోందని బయట పెట్టేశా. పాతది పారేస్తానని నువ్వేగా అన్నావ్!" అంది ఇల్లాలు.

"అదే కొత్తది! ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకుంటే తెచ్చా. మీ నాన్న వీడియో ఇప్పుడు దాంట్లోనే ఉంది!"

నొరీన్ మొహం పాలిపోయింది. చనిపోయిన తండ్రి గొంతు లోకంలో మిగిలింది ఆ ఒక్కచోటే.

వీరుడు హవాయిచెప్పులతో వీధిలోకి దూకాడు. లారీ మలుపు తిరిగి వీధిలోకి వస్తోంది. ఇంతలో పొరుగింటి క్లైవ్ ఆ పెట్టెను చంకనెత్తుకుని పోతున్నాడు. గడ్డిమీద పెట్టింది ఎత్తుకున్నవాడిదే. అది ఆ వీధి సనాతన ధర్మం.

"ఓరీ పరద్రవ్యాపహారీ, నిలు నిలు!" అని గర్జింపబోయి, ఆయాసం ముంచుకురాగా, "క్లైవ్... ఆగు బాబూ... అది మాది" అని మాత్రమే అనగలిగాడు.

"గడ్డిమీదికొచ్చాక మీదేంటి గురూ? పోయినేడు నా గడ్డికోత మిషను నువ్వు తోసుకుపోతే నేనేమైనా అన్నానా?"

ధర్మం శత్రుపక్షాన నిలిచింది. అంతలో నొరీన్ ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది.

"క్లైవ్, అందులో మా నాన్న గొంతుంది."

క్లైవ్ పెట్టెను మెల్లగా ఆమె చేతుల్లో పెట్టాడు. ఆపైన డెస్మండ్ వైపు తిరిగి, "ఆ మిషను మాత్రం ఇచ్చెయ్. పెట్రోలు నింపి మరీ" అన్నాడు.

గ్యారేజీలో తెర వెలిగింది. ముసలాయన నుదురొక్కటే కనిపించింది. "ఇది రికార్డవుతోందా? ఎక్కడ నొక్కాలే, నొరీన్?" అంతే, పదకొండు సెకన్లు.

"ఎప్పుడూ ఇంతే మా నాన్న," అని నవ్వుతూనే ఏడ్చేసింది నొరీన్. "మళ్లీ పెట్టు."

ఇట్లు లారీసేనాముఖాన నిలిచి, గడ్డికోత యంత్రాన్ని సమర్పించి, ఒక నుదుటిని గెలుచుకొన్న వీరాగ్రేసరుడు డెస్మండ్, ఆ పూటే పెట్టెమీద కాగితం అంటించి, దానిపై పెద్దక్షరాలతో ఇలా లిఖించాడు: "ఇది కొత్తది."