పెరంబూరు దాటిన బోటు

ఐదుగురితో వెళ్లిన చేపల బోటు బంగాళాఖాతంలో కనిపించకుండా పోయిన రెండో రోజు, అది పెరంబూరు రైల్వే స్టేషను దాటి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో క్షేమంగా వెళుతోందని బోట్ల జాడ కేంద్రం సంతోషంగా ప్రకటించింది.

వివరాలన్నీ తెర మీద ఉన్నాయి. పొడవు పదిహేను మీటర్లు. ఇంజను నూట ఇరవై హార్స్‌పవర్. యజమాని కోటిలింగం. డ్రైవరు సుబ్బన్. తెర అబద్ధమాడదు. అబద్ధమాడదని అమ్మినవాళ్లే రాసిచ్చారు.

సుబ్బన్ భార్య చెల్లమ్మ మాత్రం కేంద్రం గుమ్మం వదల్లేదు.

"ఇంజను నిలిచిపోయింది, నీళ్లు లోపలికొస్తా ఉండాయి అని వైర్‌లెస్‌లో చెప్పినాడు సార్. ఆడ ఎతకండి సార్, ఆడ!" అని సముద్రం వైపు చెయ్యి చూపింది.

"నీకు తెలుసా, తెరకు తెలుసా?" అన్నారు డైరెక్టరు సీతారామారావుగారు.

"పెరంబూరులో బోటెట్లా పోతాది సార్? నీళ్లేడుండాయి?"

ఆలోచించదగిన ప్రశ్నే. కేంద్రం ఆలోచించింది. ఆ బోటు తేలాలంటే రెండు మీటర్ల లోతు కావాలి. ఇది వానల కాలం. పెరంబూరులో పట్టాల కింది సబ్‌వేలో నిలిచిన నీళ్ల లోతు రెండున్నర. సందేహం తీరింది. గజ ఈతగాళ్లనూ, ఉన్న ఒక్క హెలికాప్టరునూ సబ్‌వేకు పంపారు. సముద్రంలో వెతకడం ఇంధనం దండగని ఫైల్లో రాశారు.

టీవీలవాళ్లు వచ్చారు. జనం గోడలెక్కారు. తెర మీద బోటు మలుపు తిరిగిన చోట కోటిలింగంగారి స్కూటరు మలుపు తిరిగింది. ఆపి సీటు ఎత్తితే, పాలిథీన్ కవరులో, పసుపూ కుంకుమతో, బోటుకు బిగించమని కేంద్రం ఇచ్చిన జాడ యంత్రం.

"పాడైతే నాదే పూచీ అని సంతకం తీసుకొన్నారే! ఉప్పునీళ్లకు పంపితే ఏమయ్యేది సార్? మా హార్బరులో ఎవడూ పంపడు" అన్నాడాయన.

ప్రభుత్వ ఆస్తి పట్ల ఆ శ్రద్ధకు డైరెక్టరుగారు కదిలిపోయి శాలువా కప్పారు.

మూడో రోజు పొద్దున అదే హార్బరు జాలరి ఆరోగ్యసామి ఎవరినీ అడక్కుండా తన బోటు తీసుకెళ్లి, డీజిల్ డబ్బాలు పట్టుకుని తేలుతున్న నలుగుర్ని తెచ్చాడు. సుబ్బన్ లేడు.

విచారణ వారంలో ముగిసింది. మనమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టాం. ఎవరో ఒకరి పేరు చెబితే గాని మనకు అన్నం సహించదు. చెల్లమ్మ కేంద్రం హాల్లో మొదటి వరసలో నిలబడి ఉంది. సీతారామారావుగారు మైకు సవరించుకుని చదివారు:

"రికార్డుల ప్రకారం పెరంబూరులో ఉండవలసిన వ్యక్తి, అనుమతి లేకుండా సముద్రంలో మునిగాడు. దోషి, సుబ్బన్."